పిలిస్తే పలికేంత దూరం

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, చాప చుట్టి పెట్టెలో పెట్టడం, మళ్ళీ పెట్టెలోంచి తీసి పరవడం అని చెబుతుంటాను. నవ్వుతారు గానీ అందులో అబద్ధమేమీ లేదు. సర్వే లెక్కలు మా విభాగానికి పట్టికలుగా వస్తాయి. చాప పరిచినట్టు ఒకటే వరసలు, గళ్ళు. ఏ గడిలో ఉన్న అంకెకు ఏమర్థమో మాకు తప్ప ఇంకొకరికి తెలియదు. వాటిని ఎక్కడి కంప్యూటరైనా చదువుకోగలిగే పాఠంగా మార్చాలి. ఆ పాఠంలో ప్రతి అంకెకూ ముందొకటి, వెనకొకటి గుర్తులుంటాయి, ఇది ఫలానా అని చెబుతూ. ఇల్లు ఒక పెట్టె. ఇంట్లో మనిషి ఒక పెట్టె. మనిషిలో రోజు, రోజులో గడి. అలా సర్దిన పాఠాన్ని మళ్ళీ పట్టికగా విప్పి, మొదటిదాని పక్కన పెట్టి పోల్చాలి. వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగి రావాలి. ఒక్క గడి తేడా వచ్చినా ఫైలు మొత్తం మా ముఖాన కొడతారు.

పదహారేళ్ళుగా ఇదే పని. తేడాలు పట్టడంలో నాకు పేరుంది.

ఈసారి వచ్చింది కొత్తరకం సర్వే. జనం రోజంతా ఏం చేస్తున్నారో తెలుసుకోవాలట. రోజును పది నిమిషాల గళ్ళుగా కోస్తే నూట నలభై నాలుగు గళ్ళు. ఒక్కో గడిలో మూడు సంగతులు రాయాలి: ఏం చేశారు, ఎక్కడ చేశారు, ఎవరితో ఉన్నారు. వారం రోజులు, ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళందరూ, ఎవరి పుస్తకం వాళ్ళే. బయటివాళ్ళ మీద పడేముందు మామీదే ప్రయోగం చేసుకున్నాం. ఆఫీసులో అరవైమందిమి పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్ళి మొగుళ్ళ చేత, పెళ్ళాల చేత, అత్తగార్ల చేత రాయించి తెచ్చాం. పేర్లు తీసేసి ఇళ్ళకు నంబర్లు వేశారు. అదంతా నాలుగు నెలల కిందటి మాట.

మూడో ప్రశ్న దగ్గర అందరికీ చిక్కొచ్చింది. ఒకే ఇంట్లో ఉంటే కలిసి ఉన్నట్టేనా? ఒకే గదిలోనా? వంటింట్లో నేను, వసారాలో ఆయన ఉంటే ఏం రాయాలి? శిక్షణ రోజున ఒక పూటంతా దీనిమీదే వాదించుకున్నారు. చివరికి నేనే లేచి ఒక మాట చెప్పాను. "పిలిస్తే పలికేంత దూరంలో ఉన్న మనిషితో కలిసి ఉన్నట్టు. లేకపోతే లేనట్టు." మా పెద్దమేడం బల్ల చరిచింది. సూచనల పుస్తకంలో పన్నెండో పేజీలో ఆ వాక్యం అలాగే అచ్చయింది. కింద నా పేరు లేదు గానీ, నాదేనని అందరికీ తెలుసు.

మా ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఇరవయ్యేడేళ్ళు ఒక చిన్న గదిలో కూర్చుని, ఏ బస్సు ఎప్పుడు బయటికెళ్ళింది, ఎప్పుడు లోపలికొచ్చింది రాశారు. బస్సులే తమ రాకపోకలు చెప్పుకునే యంత్రాలు వచ్చాక ఆ గదికి తాళం పడింది. అప్పట్నుంచి మూడేళ్ళుగా ఇంట్లోనే ఉన్నారు. కూతురు ఉద్యోగం చేసే చోటే ఉంటుంది, ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఇంట్లో మేమిద్దరమే. వచ్చే ఆదివారం పొద్దున ఆయన వాళ్ళక్క వాళ్ళ ఊరు వెళుతున్నారు. బావగారి లారీ షెడ్డులో గేటు రిజిస్టరు రాసే మనిషి కావాలట. అక్కడే ఒక గది కూడా ఇస్తారట. రెండు నెలల కింద ఆ మాట చెప్పినప్పుడు, "మంచిదేగా, కాలక్షేపం అవుతుంది," అన్నాను. కొన్నాళ్ళుండి విసుగుపుట్టి వచ్చేస్తారులే అనుకున్నాను.

గురువారం ఉదయం ఆ అరవై ఇళ్ళ పట్టిక కొత్త ఫార్మాట్‌లోకి ఎక్కనని మొరాయించింది. పాత పట్టికకు అడ్డూ అదుపూ లేదు, ఏది పెడితే అది మోస్తుంది. కొత్తదానికి నియమాలున్నాయి. ఒక ఇంట్లో భార్య 'భర్తతో' అని రాస్తే, అదే గడిలో భర్త 'భార్యతో' అని రాసి ఉండాలి. లేకపోతే ఆ ఇంటి పెట్టె మూతపడదు. తేడాల జాబితా పదకొండు పేజీలు వచ్చింది.

నా పక్క సీటు పిల్లను అందరం లౌడ్‌స్పీకర్ అంటాం. ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయినా ఇంకా పిల్లే. జాబితా పైకి చదవడం మొదలుపెట్టింది.

"పన్నెండో ఇంట్లో అత్తాకోడళ్ళు అక్కా. వంటింట్లో ఇద్దరమూ ఉన్నామని అత్త అంటోంది. కోడలు ఒక్కదాన్నే చేశానంటోంది."

"అది తేడా కాదే, నిజం," అన్నాను.

"ముప్ఫయ్యో ఇల్లు మన విభాగంవాళ్ళదే అయ్యుంటుంది. మొగుడు రోజూ మధ్యాహ్నం భార్యతో ఉన్నానని రాశాడు. భార్యేమో ఆ టైముకి ఆఫీసులో ఉంది." కళ్ళు గుండ్రంగా తిప్పింది. "ఏ భార్యో ఏమిటో!"

"నోర్ముయ్, గడి పొరపాటున కిందికి జరిగి ఉంటుంది."

"సరే, ఇదిగో ఇది చూడు. నలభై ఏడో ఇల్లు. మొత్తం ఎనభై తొమ్మిది తేడాలు! ఫస్టు ప్రైజు వీళ్ళదే. రోజూ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఆవిడ భర్తతో ఉందట. ఆయన మాత్రం పన్నెండు గళ్ళలోనూ 'ఒంటరిగా' అని రాశాడు. ఏడు రోజులూ అంతే."

"పాపం, గోడనే మొగుడనుకుని కాపురం చేస్తోందేమో మహాతల్లి," అన్నాను.

లౌడ్‌స్పీకర్ బల్లమీద పడి నవ్వింది. అవతలి వరసవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆ మాట అన్నందుకు నాకే ముచ్చటేసి ఇంకోసారి అన్నాను.

అలాంటి ఇళ్ళను ముందు మాటల్లోకి విప్పి చదవాలి. అంకెల్లో తెలియని పొరపాటు మాటల్లో తెలుస్తుంది. నలభై ఏడో ఇంటి మగమనిషి రికార్డు తెరిచాను. మొదటి రోజు. ఐదున్నరకు నిద్ర లేచుట. పాలు కాచుట. జాబితాలో లేని పనులుంటే వాటి మాటలు అలాగే ఉంచేస్తాం. అలాంటివి ఈయన పుస్తకంలో చాలా ఉన్నాయి. పట్టీ తెగిన చెప్పు కుట్టుట. వానకు కిటికీ రెక్క బిగించుట. సాయంత్రం నాలుగున్నర గడిలో ఇలా ఉంది: 'వసారాలో నిలబడి బస్సులు చూచుట. పద్నాలుగో నంబరు ఆరు నిమిషములు ఆలస్యము.'

ఆ గడి మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాను.

"ఏంటక్కా?" అంది లౌడ్‌స్పీకర్.

"కళ్ళు లాగుతున్నాయి," అన్నాను.

ఇంకొకరి పుస్తకమైతే నిర్లక్ష్యంగా రాసుంటారులే అని సరిపెట్టుకోవచ్చు. ఈయన అలా రాసే మనిషి కాదు. ఒకసారి సొంత తమ్ముడు డ్రైవరుగా ఉన్న బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వస్తే నాలుగనే రాశారు. అన్నదమ్ములకు ఆర్నెల్లు మాటల్లేవు. ఆ చేతికి జరిగింది రాయడమే వచ్చు.

ఎనభై తొమ్మిదిలో సాయంత్రాలవి ఎనభై నాలుగు. మిగతా ఐదూ ఏమిటా అని చూశాను. పనిరోజుల్లో, ఒక్కోటీ ఉదయం పదకొండుకు. ఆ గళ్ళలో నా పుస్తకంలో 'ఆఫీసు పని' అని ఉంది. ఆయన పుస్తకంలో 'భార్యతో' అని ఉంది. ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. మాత్ర వేసుకున్నారా అని అడగడానికి రోజూ ఆ టైముకి ఫోన్ చేస్తాను. వేసుకున్నానంటారు. ఇక్కడ వాన అంటే ఇక్కడా వానే అంటారు. అంతే. నేను రాయడానికి కూడా గుర్తుపెట్టుకోని మాటలు.

వారానికి వెయ్యీ ఎనిమిది గళ్ళు. తిండీ నిద్రా తీసేస్తే, వాటిలో నేను ఐదు గళ్ళలో ఉన్నాను.

పెద్దమేడం పదకొండు పేజీలూ తిరగేసి విసిరేసింది. "ఇళ్ళకు పంపి అడిగించే టైము లేదమ్మా. రేపు సాయంత్రానికి ఫైలు వెళ్ళిపోవాలి. ఇద్దరిలో ఒకరు కలిసున్నామంటే ఇద్దరికీ 'కలిసి' అని వేసేయండి. ఒక్క వాక్యం రాస్తే ప్రోగ్రామే చూసుకుంటుంది."

"లేదన్నవాళ్ళ మాట?"

"ఉందన్నాక లేదంటే ఎలా కుదురుతుంది?" అని నవ్వింది. "మీ నిర్వచనం ప్రకారమే చూడండి. పలికేంత దూరంలోనే ఉన్నారుగా!"

ఆ ఒక్క వాక్యమూ రాశాను. ఒక్కో ఇంటికీ అది నడుస్తుంటే తేడాలు రాలిపోయాయి. అత్తాకోడళ్ళు కలిసి వండారు. నలభై ఆరో ఇల్లు అయింది. నలభై ఏడు దగ్గర ఆపాను. ఇంకొక్క మీట నొక్కితే చాలు. ఏడు సాయంత్రాలూ ఆయన నాతోనే ఉన్నట్టు నమోదైపోతుంది. ఇక ఎవరు ఎన్నిసార్లు విప్పినా, ఎన్నిసార్లు మడిచినా అలాగే ఉంటుంది. నొక్కాలనే అనిపించింది, అబద్ధమెందుకు.

మేడం గదిలోకి వెళ్ళాను. "ఒక్క ఇంటికి మాత్రం వెళ్ళి అడిగొస్తానండీ."

"ఒక్క ఇంటికోసమా? ఎంత దూరం?"

"దగ్గరేనండీ."

ఇంటికెళ్ళేసరికి ఏడవుతోంది. మా హాల్లో ఒకే బల్ల. ఒక చివర నా ల్యాప్‌టాప్, రెండో చివర ఆయన కూరగాయలు తరిగే పీట. మూడేళ్ళుగా మా సాయంత్రాలు అవే. ఆ రోజు ల్యాప్‌టాప్ తీయలేదు. రెండు పుస్తకాల ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను.

"నలభై ఏడో ఇంట్లో కొన్ని తేడాలొచ్చాయండీ. అడగాలి."

ఆయన కత్తి పక్కన పెట్టి కళ్ళజోడు పెట్టుకున్నారు. "అడుగు. ఆఫీసు తరఫునేనా?"

"ఆ."

"అయితే మీరు అనాలి నువ్వు నన్ను. ఎప్పుడూ అంటూనే ఉన్నావనుకో." చిన్నగా నవ్వారు. "కానీయ్."

"సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది. మొదటి రోజు. ఒంటరిగా అని రాశారు. ఆ టైముకి ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. ఆ కుర్చీలో నువ్వున్నావు."

"మరి?"

"మీ పుస్తకం పన్నెండో పేజీ చూసే రాశాను. పిలిస్తే పలికేంత దూరం అన్నారు కదా." గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. బస్సు ఎందుకు లేటయిందో పై అధికారికి చెబుతున్నట్టుంది. "పిలవకుండా ఎలా రాస్తాను? అందుకని పిలిచి చూశాను."

ఆయనే చెప్పుకొచ్చారు.

"గడి గడికీ పిలవలేదులే, నీ పని పాడవుతుందని. రోజూ ఏడింటికి ఒకసారి. పలికితే ఆ పన్నెండు గళ్ళకీ నీ పేరే రాసేద్దామనుకున్నాను. రూలు ప్రకారం అది కూడా తప్పే. అయినా రాద్దామనే అనుకున్నాను."

"ఏమని పిలిచారు?"

"ఎప్పుడూ పిలిచేట్టే. ఏమోయ్ అని."

"గట్టిగా పిలవొచ్చుగా!"

"గట్టిగా పిలిస్తే ఎదురింటివాళ్ళు కూడా పలుకుతారు. అప్పుడు వాళ్ళతో ఉన్నానని రాయాలి."

ఆ మాటకు నవ్వొచ్చింది నాకు. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. ఆయన అది చూడనట్టు కాగితం తిప్పారు.

"ఉదయం పదకొండింటి గళ్ళు కూడా అడుగుతావా?"

"అది ఫోను కదండీ. ఫోనులో మాట్లాడితే కలిసున్నట్టు కాదు."

"పుస్తకంలో అలా లేదే. పిలిస్తే పలికావు. రాశాను." కళ్ళజోడు సవరించుకున్నారు. "తప్పయితే కొట్టేయ్."

కొట్టేయలేదు. ఆ పేజీలో మిగిలిన ఆరు రోజులూ చూస్తూ కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు. ప్రతి రోజూ ఏడింటికి నేను రాసుకున్న మాట ఒకటే: 'ఫైళ్ళు సరిచూడటం. ఇంట్లో. భర్తతో.' ఆ మాట రాస్తున్నప్పుడు నాకు ఎంత నిమ్మళంగా ఉండేదో గుర్తుంది. ఎంత పనున్నా మేమిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుంటామని లౌడ్‌స్పీకర్‌తో గొప్పగా చెప్పాను కూడా.

"ఊరికే పిలిచారా, ఏదైనా పనుండా?" అన్నాను.

"ఊరికే. నాలుగో రోజు మాత్రం పనుండే పిలిచాను."

"ఏం పని?"

కత్తి చేతిలోకి తీసుకున్నారు గానీ తరగలేదు. "ఆ మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు, షెడ్డు సంగతి. వెళ్ళనా, వద్దా అని నిన్ను అడుగుదామనుకున్నాను."

నా పుస్తకంలో నాలుగో రోజు చూశాను. భర్తతో.

"ఆ రోజు రెండుసార్లు పిలిచాను," అన్నారు. "అది రాయలేదు. అలాంటివి రాయడానికి గడి లేదు."

"మర్నాడు చెప్పొచ్చుగా? ఆ మర్నాడైనా? రెండు నెలలు దాచుకున్నారా?"

"దాచుకోలేదు. చూశాను." అంతే అన్నారు. ఏం చూశారో నేను అడగలేదు.

శుక్రవారం ఆఫీసులో నలభై ఏడో ఇల్లు మళ్ళీ తెరిచాను. రెండు పుస్తకాలూ ఒకే మాట చెప్పాలని తప్ప, ఆ ఫార్మాట్‌కు ఇంకే పట్టింపూ లేదు. ఎవరి మాట అన్నది దానికి అక్కర్లేదు. ఆయన మాట మార్చి నాతో కలపవచ్చు. నా మాట మార్చి ఆయనతో కలపవచ్చు. రెండిట్లో ఏది చేసినా పెట్టె మూతపడుతుంది.

నా రికార్డులోకి వెళ్ళాను. మొదటి రోజు ఏడు గంటల గడిలో 'భర్తతో' తీసేసి 'ఒంటరిగా' అని వేశాను. ఏడూ పదికి. ఏడూ ఇరవైకి. అన్నీ ఒకేసారి మార్చే దారి ఉంది, పదహారేళ్ళ అనుభవం ఉంది, అయినా ఒక్కొక్కటే మార్చాను. ఎనభై నాలుగు. నాలుగో రోజు దగ్గర చెయ్యి ఆగింది. అప్పుడే లౌడ్‌స్పీకర్ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఆ ఇంటికెళ్ళావటగా అక్కా! ఏమంటాడు ఆయన?"

"ఆయన రాసిందే కరెక్టు."

"అయితే ఆవిడ అబద్ధాలు రాసిందా?"

"అబద్ధం కాదే. అడిగి చూడకుండా రాసింది."

తర్వాత ఉదయం పదకొండింటి గళ్ళు ఐదూ తెరిచాను. 'ఆఫీసు పని' ఉంచాను. ఎవరితో అన్నచోట 'భర్తతో' అని వేశాను. ఫోనంటే కలిసున్నట్టు కాదని నాకు తెలుసు. పెద్దమేడం చూస్తే కేకలేస్తుందని కూడా తెలుసు. పదహారేళ్ళలో తెలిసి చేసిన తప్పు అదొక్కటే.

మిగతా ఇళ్ళమీద మేడం చెప్పిన ఆ ఒక్క వాక్యమే నడిపి ఫైలు మడిచాను. విప్పాను. పోల్చాను. తేడాలు సున్నా అని వచ్చింది. మేడం నా భుజం తట్టి, "చూశారా, అడిగితే తేలిపోయింది," అంది.

ల్యాప్‌టాప్ ఆఫీసులోనే బీరువాలో పెట్టి తాళం వేసి, ఐదున్నరకల్లా ఇంట్లో ఉన్నాను. ఆయన మంచం మీద సంచీ తెరిచిపెట్టుకుని బట్టలు సర్దుకుంటున్నారు. నాలుగు చొక్కాలు, రెండు పంచెలు, మాత్రల డబ్బా. కొత్త రిజిస్టరు ఒకటి కొన్నారు, గీతలు కూడా కొట్టేశారు అందులో. గుమ్మంలో నిలబడి బస్సు దిగినప్పట్నుంచీ మననం చేసుకున్న మాట అన్నాను.

"వెళ్ళకండి."

ఆయన చేతిలో చొక్కా ఉంది. దాన్ని మడతపెట్టడం ఆపి నావైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"ఉండమని అడుగుతున్నావా? తేడా సరిచేస్తున్నావా?"

ఉండమనే అని ఒక్క మాట. అది నోటిదాకా వచ్చింది. కానీ అడిగింది ఆయన. జరిగింది మాత్రమే రాసే మనిషి. ఊరికే అనేస్తే సరిపోదు. వచ్చే నెల అసలు సర్వే, తొమ్మిదివేల ఇళ్ళు. బీరువాలో పెట్టిన ల్యాప్‌టాప్ సోమవారం మళ్ళీ ఈ బల్లమీదికే వస్తుంది. అప్పుడు ఏడింటికి ఈయన ఏమోయ్ అంటే పలుకుతానా? పలుకుతాననే అనుకుంటున్నాను. కానీ మొన్నటిదాకా కూడా పలుకుతున్నాననే కదా అనుకున్నాను. ఆ మనిషికి ఏం చెబితే నిజమవుతుందో వెతుక్కుంటూ గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ఆయన ఎదురుచూశారు. రావలసిన బస్సు కోసం రోడ్డు మలుపువైపు చూసినట్టు, తొందర పెట్టకుండా. ఎంతసేపో నాకు తెలియదు. ఆయనకు తెలిసే ఉంటుంది.

ఆ తర్వాత చొక్కా మడతపెట్టి సంచీలో మిగతావాటిమీద ఉంచి, చేత్తో ఒకసారి అదిమారు.

"ఏమోయ్, నా నీలం తువాలు ఎక్కడుంది?"

"మేడమీద ఆరేశానండీ."

"ఎండిందా?"

"ఎండే ఉంటుంది, తెస్తానుండండి," అని గబగబా మెట్లెక్కాను. దానికి మాత్రం వెంటనే పలికాను.